ఎర్ర పెన్నుతో నేను కొట్టేసిన పేరు

నా వీడ్కోలు సభలో డైరెక్టరుగారు చాలాసేపు మాట్లాడారు. "మన దక్షిణాది మిత్రుడు" అని తొమ్మిదిసార్లు అన్నారు. నా పేరు మాత్రం ఒక్కసారి కూడా పలకలేదు. నేను లెక్కపెట్టాను. ఇలాంటివి లెక్కపెట్టడం నాకు మొదటినుంచీ ఉన్న అలవాటు.

ఆ రోజు సాయంత్రమే ఆయన మీద ఒక వ్యాసం మొదలుపెట్టాను. రెండు పేజీలు జోరుగా సాగింది. పేరు పలకకపోవడం ఎంత అవమానమో మూడో పేజీలో వివరించబోతుంటే ఇంకొకరి పేరు అడ్డొచ్చింది. చెయ్యి ఆగిపోయింది. ఆ కాగితాలు చింపేసి, కొన్ని నెలల తరవాత ఇది రాస్తున్నాను. అందుకే ఆ పేరు ముందే రాసేస్తాను. ఆడెపు రాజలింగం. సూరత్‌లో మరమగ్గాలు బాగుచేసే మాస్టర్. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు.

నేను సూరత్‌లోని ఒక ప్రైవేటు మేనేజ్‌మెంట్ కాలేజీలో పీహెచ్‌డీ గైడుగా పనిచేశాను. వ్యాపారాలు ఎలా పుడతాయి, కొత్త వస్తువులు ఎలా తయారవుతాయి అన్నది మా శాఖ విషయం. ఇంగ్లీషులో దానికి పెద్ద పేరుంది. ఎవరు కొత్తగా ఒకటి కనిపెట్టారు, అది ఎవరి చేతుల్లోకి పోయింది, కనిపెట్టినవాడు ఏమయ్యాడు అని చూడటమే అసలు పని. మూడో ప్రశ్న మేము ఎక్కువగా అడగం.

గైడు కాబోతున్న కుర్ర అధ్యాపకులు ఇద్దరు ముగ్గురు నన్ను సలహా అడిగారు. వాళ్ల కోసం రాస్తున్నాను. నాకొచ్చిన పదోన్నతుల గురించి అడక్కండి. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివి ఎందుకు రాలేదో నాకు పేర్లతో సహా తెలుసు. అది వేరే పుస్తకం.

ఈ ఉద్యోగం నిజంగా ఏమిటి

మా దగ్గర పీహెచ్‌డీకి చేరేవాళ్లలో సగంమంది అప్పటికే ఎక్కడో పాఠాలు చెబుతున్నవాళ్లు. డిగ్రీ లేకపోతే ఉద్యోగం నిలవదు కాబట్టి వస్తారు. హజీరా కంపెనీల్లో మేనేజర్లుగా చేస్తూ, పేరు ముందు డాక్టర్ అని ఉంటే బాగుంటుందని వచ్చేవాళ్లు కొందరు. రింగ్ రోడ్ మార్కెట్‌లో తండ్రి కొట్టు ఉండి, ఇంట్లో ఒకరు చదువుకున్నవాళ్లు ఉండాలని వచ్చేవాళ్లు ఇంకొందరు. తెలుసుకోవాలన్న దురద ఉన్నవాళ్లు తక్కువ. అలాంటివాళ్లు వచ్చినప్పుడు గైడు జాగ్రత్తగా ఉండాలి. ఎందుకంటే వాళ్లకు గైడు కన్నా ఎక్కువ తెలుస్తుంది.

మిగతావాళ్లు ప్రశ్నపత్రాలు పంచుతారు. "మీరు రిస్కు తీసుకోవడానికి ఎంతవరకు సిద్ధం? ఒకటి నుంచి అయిదులో ఒక అంకె వేయండి." అగ్గిపెట్టె కూడా ఎప్పుడూ అమ్మని మనిషి, ముప్ఫయ్యేళ్లుగా బట్టల వ్యాపారం చేస్తున్న మనిషిని ఈ ప్రశ్న అడుగుతాడు. ఒక స్కాలర్ తెచ్చిన కాగితాల కట్టలో టిక్కులన్నీ ఒకే నీలం సిరాతో, ఒకే వాలుతో ఉన్నాయి. హాస్టల్ గదిలో కూర్చుని తనే నింపాడని చూడగానే తెలిసింది. సంతకం పెట్టాను. ఆయన ఇప్పుడు గైడు. ఇది నా తప్పుల్లో చిన్నది.

ఈ పనిలో గైడు సంతకమే సర్వస్వం. అది పెట్టకపోతే ఒక మనిషి అయిదారేళ్లు గాల్లో కలుస్తాయి. గైడు చేతిలో ఉన్నదానికి లెక్క అడిగేవాడు ఎవడూ లేడు. కొందరు గైడులు స్కాలర్ల చేత రైలు టిక్కెట్లు తెప్పిస్తారు, గ్యాసు బండ మోయిస్తారు. నేను ఎవరి చేతా ఏదీ మోయించలేదు. చాలా ఏళ్లు దాన్ని చూసుకుని నేను మంచి గైడునని అనుకున్నాను.

నీలం ఫైలు

నా గైడు గురించి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. హజీరాలో ఇంజినీరు ఉద్యోగం వదిలి, నలభై దాటాక నేను పీహెచ్‌డీకి చేరాను. మూడేళ్లు తిరిగి రాసిన ఒక అధ్యాయం ఒకరోజు ఒక పత్రికలో కనిపించింది, మా గైడుగారి పేరుతో. అడుగున చిన్న అక్షరాల్లో, సమాచార సేకరణలో సహకరించిన మూర్తికి కృతజ్ఞతలు అని ఉంది.

అడగడానికి వెళ్లాను. పది గంటల నుంచి ఒంటిగంటన్నర దాకా వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆ బెంచీకి ఒక కాలు పొట్టి. తరవాత లోపలికి పిలిచి, జామకాయ ముక్కలు కోసుకుంటూ అన్నారు.

"నీ పేరు ఎవరు చూస్తారయ్యా? నీ పని లోకానికి చేరింది. సంతోషించు."

నాకు ఒక ముక్క కూడా ఇవ్వలేదు.

ఆ రోజు బయటికి వచ్చి నీలం అట్ట ఫైలు ఒకటి కొన్నాను. ఆ పత్రిక కాగితం అందులో మొదటిది. తరవాత ఎవరు నన్ను తక్కువ చేసినా అందుకు సంబంధించిన కాగితం ఏదో ఒకటి అందులోకి చేరింది. కాగితం దొరక్కపోతే నేనే ఒక చీటీ మీద రాసి పెట్టేవాణ్ణి. మా ఆవిడ ఆ ఫైలును "మీ రెండో పెళ్లాం" అనేది. ఆ మాట కూడా రాసి పెట్టాను.

సాంచాల మధ్య

రజిత నా దగ్గర చేరిన చివరి స్కాలర్లలో ఒకామె. వాళ్ల నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చి సూరత్‌లో సాంచాలు నడిపేవాడు. ఆమె అక్కడే పుట్టి పెరిగింది. ఇంట్లో తెలంగాణ తెలుగు, బడిలో గుజరాతీ, వీధిలో హిందీ. మూడూ కలిపి మాట్లాడేది. నేను కృష్ణా జిల్లావాణ్ణి. మొదట్లో ఆమె తెలుగును దిద్దబోయాను. "మంచిగ సమజ్ అయితుంది గద సర్, మళ్ల ఎందుకు?" అంది నవ్వుతూ. ఆ మాట ఫైల్లోకి ఎక్కలేదు గానీ మనసులోకి ఎక్కింది.

సాంచాల మీద పనిచేసేవాళ్లు, చదువు లేకుండా, వాళ్లంతట వాళ్లు చేసుకున్న చిన్న చిన్న మార్పుల మీద పరిశోధన చేస్తానంది. మంచి విషయం. అంత మంచి విషయం ఎవరూ తేలేదు. తను పెరిగిన లింబాయత్ గల్లీలోనే, పక్కింట్లో ఉండే రాజలింగాన్ని చూపించింది. చుట్టం కాదు, అయినా మామ అని పిలిచేది.

ఆయన చేసినదేమిటో చెబుతాను. సాంచాలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో ఒక కండె ఉంటుంది. దాని మీద చుట్టిన దారమే అడ్డంగా పడే పేక. కండె మీద దారం అయిపోయిన సంగతి నేతగాడు చూసుకోకపోతే గుడ్డలో అడ్డంగా చార పడుతుంది. ఒక్కడే ఎనిమిది సాంచాలు చూసుకుంటాడు. ఎన్ని కండెలని చూస్తాడు? తాకా, అంటే గుడ్డ చుట్ట, మొత్తం పాడవుతుంది, తిట్లు నేతగాడికి. రాజలింగం పౌడరు డబ్బా రేకు చిన్న పట్టీగా కత్తిరించి కండె మొదట్లో దారం కింద చుట్టాడు. రెండు సైకిలు పుల్లలు, వాటి వెనక బాల్‌పెన్ను స్ప్రింగులు. దారం అయిపోవస్తుంటే రేకు బయటపడుతుంది, పుల్లలు దాన్ని తాకుతాయి, సాంచా పైన టార్చిలైటు బల్బు వెలుగుతుంది. నేతగాడు దూరం నుంచే చూసి పరుగెత్తుకొస్తాడు. అంతే. వాళ్ల కార్ఖానాలో ఏళ్లుగా అలాంటి బల్బులు వెలుగుతున్నాయి. కార్ఖానా బయట ఎవరికీ తెలియదు.

చూడటానికి రజితతో వెళ్లాను. సాంచాల మోతలో చెవి దగ్గర అరిచినా వినపడదు. అందరూ చేతులతో, కళ్లతో మాట్లాడుకుంటున్నారు. నేను ఆ పుల్లలను వేలితో చూపిస్తూ ఇంకాస్త దగ్గరికి చెయ్యి పెట్టాను. ఉన్నట్టుండి రాజలింగం నా మణికట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. రెండడుగులు వెనక్కి పడ్డాను. కళ్లజోడు ఊడింది. చుట్టూ ఉన్న నేతగాళ్లు నవ్వారు. నవ్వు వినపడలేదు, పళ్లు కనపడ్డాయి. అది ఇంకా ఎక్కువ బాధించింది.

బయట చాయ్ బండి దగ్గర రాజలింగం అన్నాడు. "బుగులువడ్డరా సారు? గది సాంచా, మీ కాలేజీ బల్ల గాదు. వేలు వెడితే వేలు ఆడనే ఇడిసిపెట్టి పోతరు."

పక్కనున్న నేతగాడు అందుకున్నాడు. "సారుకు పెన్ను వట్టనీకి వేళ్లు ఉండాలె గద మాస్టర్!"

మళ్లీ నవ్వులు. రజిత కూడా నవ్వింది. నేను చాయ్ సగం తాగి వదిలేశాను. ఇంటికి వచ్చి చీటీ రాశాను. "కార్ఖానాలో మాస్టర్ అందరి ముందూ నన్ను లాగి పడేశాడు. రజిత నవ్వింది." పక్కన తేదీ కూడా వేశాను.

రెండో చీటీ కొన్నాళ్లకు రాశాను. రజిత తన పరిశోధన ప్రణాళికను కమిటీ ముందు పెట్టిన రోజు. డైరెక్టరుగారు పరికరం ఎలా పనిచేస్తుందని అడిగారు. గైడుని కదా, నేనే చెప్పబోయాను. "పడుగు దారం అయిపోగానే..." అని మొదలుపెట్టాను. రజిత మెల్లగా అంది. "సారీ సర్, పడుగు కాదు, పేక. తానా నహీ సర్, బానా."

డైరెక్టరుగారు పకపకా నవ్వి, "గురువుగారికి గురువు దొరికింది" అన్నారు.

ఆమె చెప్పింది నిజం. నిలువు దారానికీ అడ్డ దారానికీ తేడా తెలియని గైడు సాంచాల మీద థీసిస్‌కి సంతకం పెట్టబోతున్నాడు. నాకు సిగ్గేయాల్సింది. నాకు కోపం వచ్చింది.

నాలుగో అధ్యాయం

ఆమె చిత్తుప్రతి తెచ్చినప్పుడు నాలుగో అధ్యాయం మొత్తం రాజలింగం పరికరం గురించే ఉంది. మొదటి వాక్యంలోనే ఆయన పూర్తి పేరు, గల్లీ, కార్ఖానా. చేత్తో గీసిన బొమ్మ. మా శాఖలో ఎన్నో ఏళ్లుగా అంత నిజమైన అధ్యాయం ఎవరూ రాయలేదు.

ఎర్ర పెన్ను తీసి పేరు కొట్టేశాను. పైన ఎస్-7 అని రాశాను. అంటే మాట్లాడిన మనుషుల్లో ఏడోవాడు. గల్లీ పేరు, కార్ఖానా ఆనవాలు కొట్టేశాను. ప్రతి పేజీలోనూ. పద్దెనిమిది చోట్ల.

ఈ పద్ధతి మాలో ఉన్నదే. పరిశోధకుడితో మాట్లాడినవాళ్లకు హాని జరగకుండా పేర్లు దాచి నంబర్లు ఇస్తారు. యజమాని గురించి చెడుగా చెప్పిన కార్మికుడికి అది రక్షణ. మంచి నియమమే. కానీ రాజలింగం ఎవరి గురించీ చెడు చెప్పలేదు. తను చేసినది చూపించాడు.

రజిత నా గదికి వచ్చింది.

"సర్, మామ ఒప్పుకున్నట్టు ఫారం మీద సంతకం పెట్టిండు. పేరు రాయమన్నడు. మళ్ల దాచుడు క్యోం?"

"శాస్త్రీయ పద్ధతి అమ్మా."

"మరి రెండో ఛాప్టర్ల కంపెనీలు పెట్టిన శేఠ్‌ల పేర్లన్నీ ఉన్నయి గద సర్. వాళ్లకు నంబర్లు ఇయ్యలే."

ఇది నేను పనిచేసినన్నాళ్లలో ఒక స్కాలర్ అడిగిన అన్నిటికన్నా మంచి ప్రశ్న. మా పుస్తకాలన్నిటిలోనూ కంపెనీ పెట్టినవాళ్లకు పేర్లు, ఫొటోలు ఉంటాయి. చేతులతో చేసినవాళ్లకు నంబర్లు ఉంటాయి. ఈ తేడా మాలో ఎవరికీ కనపడదు. ఆమెకు కనపడింది.

"గైడు నువ్వా, నేనా?" అన్నాను.

ఆమె చిత్తుప్రతి తీసుకెళ్లి, సరిచేసిన కొత్తప్రతి తెచ్చింది. అంతటా ఎస్-7. పాతప్రతి కూడా తిరిగి ఇచ్చింది. అందులో నా మొదటి ఎర్రగీత పక్కన, అంచులో, పెన్సిలుతో తెలుగులో ఒక వాక్యం ఉంది. "ఆయనే రాయమన్నడు."

గైడు దిద్దిన కాగితం మీద ఎదురు రాసింది! ఆమె పొగరుకు సాక్ష్యంగా ఆ ప్రతిని నీలం ఫైల్లో పెట్టాను.

ఆమెకు డిగ్రీ వచ్చింది. థీసిస్ లైబ్రరీలోకి వెళ్లింది.

ఎవరీ ఎస్-7?

మా కాలేజీలో కొత్త వ్యాపారాలు పెట్టే విద్యార్థుల కోసం ఒక కేంద్రం ఉండేది. నేను అందులో సలహాదారుని. జిగర్ అనే కుర్రాడు బట్టల పరిశ్రమకు పనికొచ్చే ఆలోచన ఏదైనా కావాలని వచ్చాడు. వాళ్ల నాన్నకు పాండేసరలో రంగుల మిల్లుంది, మా కాలేజీ పాలకమండలిలో కూడా ఉన్నాడు. "లైబ్రరీలో రజిత థీసిస్ నాలుగో అధ్యాయం చదువు" అన్నాను నేనే.

జిగర్ చెడ్డవాడని మీరు అనుకోవచ్చు. కాదు. చదివి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. "సర్, ఈ ఎస్-7 ఎవరు? నేను కలవాలి. ఆయన్ని నాతో కలుపుకుంటాను."

"పేర్లు చెప్పకూడదు. నియమం" అన్నాను.

చెప్పి ఉంటే చాలు. ఒక్క పేరు.

ఏడాదిలో జిగర్ ప్లాస్టిక్ పెట్టెలో, ఎర్ర దీపంతో, అదే పరికరం తయారుచేశాడు. సైకిలు పుల్లల బదులు రాగి తీగలు. మా ప్రదర్శనలో మొదటి బహుమతి వచ్చింది. గోడ మీద పెద్ద ఫొటో పెట్టారు, కింద 'ఆవిష్కర్త' అని రాసి. నేను వేదిక మీదే ఉన్నాను. నా కుర్చీ రెండో వరసలో వేశారు. ఆ రోజు నాకు గుర్తున్న బాధ అదొక్కటే.

బెంచీ

జిగర్ పెట్టెలు కార్ఖానాల్లోకి వెళ్లాయి. రాజలింగం కార్ఖానాలోకి కూడా. బిగించడానికి వచ్చినవాళ్లు, సాంచాల మీద అప్పటికే ఉన్న పుల్లలూ బల్బులూ చూసి, ఇది మా మాల్‌కి నకలు, తీసేయండి అన్నారు. అప్పటి శేఠ్ పాత శేఠ్ కొడుకు, కొత్తగా బాధ్యత తీసుకున్నవాడు. నిజమే అనుకున్నాడు. మాస్టర్ ఎక్కడో చూసి కాపీ కొట్టాడని అందరి ముందూ అన్నాడు. గల్లీలో పేరు పడిపోయింది. కాపీ మాస్టర్. రాజలింగం తన చేతులతో తను బిగించినవి ఒక్కొక్కటే ఊడదీశాడు.

తరవాత నా దగ్గరికి వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా, చేతిలో పాత తువ్వాలు మూట. నేను కిటికీలోంచి చూశాను. లోపల నాకు పనేమీ లేదు. అయినా బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. భోజనం వేళ దాటాక పిలిచాను.

ఆయన మూట విప్పి బల్ల మీద పెట్టాడు. మొట్టమొదట చేసిన పరికరం. పుల్లలు తుప్పు పట్టాయి. రేకు మీద పౌడరు డబ్బా పువ్వు బొమ్మ ఇంకా కనిపిస్తోంది.

"సారు, రజిత బుక్కుల ఏడో నంబరు నేనే అని ఒక్క కాగితం రాసియ్యుండ్రి. మీ ముద్ర ఏసి. శేఠ్‌కు చూపిస్త. గంతే."

"కుదరదయ్యా. పరిశోధనలో చెప్పినవాళ్ల పేర్లు మేము బయటపెట్టకూడదు. నీ మంచికే ఆ నియమం."

ఆయన అర్థం కానట్టు చూశాడు. "నా పేరు నాకు గూడ చెప్పకుంట దాస్తరా సారు? నేనే అంటున్న గద రాయుండ్రని."

"అలా కాదు. ఒకసారి నంబరు ఇచ్చాక..."

"నన్ను దొంగ అంటుండ్రు సారు. నేను జేసినదాన్ని నేనే దొంగతనం జేసిన్నట." ఆయన గొంతు పెంచలేదు. "గల్లీల పోరగాండ్లు గూడ అంటుండ్రు."

"నీ పని లోకానికి చేరింది. సంతోషించు" అన్నాను.

ఆ మాట ఎక్కడిదో నాకప్పుడు తట్టలేదు. నిజంగా తట్టలేదు. ఆయన వెళ్లాక కూడా తట్టలేదు.

ఆయన మూట కట్టుకున్నాడు. లేచి, కుర్చీని మళ్లీ బల్ల దగ్గరికి సరిగ్గా జరిపాడు. "నమస్తె సారు" అన్నాడు.

మర్నాడు రజిత వచ్చింది. "నేను రాసిస్త సర్. నా థీసిస్, నా మామ. ఫారం గూడ ఉంది."

"రాస్తే నియమం తప్పినట్టు. నీ డిగ్రీ మీద ప్రశ్న వస్తుంది. రేపు ఉద్యోగానికి నా సిఫారసు కావాలి కదా, చూసుకో" అన్నాను.

జీవితంలో నేను అన్న మాటల్లో అన్నిటికన్నా నీచమైనది ఇదే. ఆమె డిగ్రీకి ఏ ప్రమాదమూ లేదని నాకు తెలుసు. ఆమెకు తెలియదని కూడా తెలుసు. ఆమె వెళ్లిపోయింది. నా సిఫారసు అడగలేదు. వాపీలో ఏదో కాలేజీలో చేరిందని విన్నాను. దీపావళికి ఒక మెసేజీ అయినా పెట్టేది కాదు. దానికి కూడా నేను నొచ్చుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే కూడా కొంచెం నొప్పిగానే ఉంది. మనిషి అంత త్వరగా మారడు.

ఎందుకు చేశాను? జిగర్ తండ్రి పాలకమండలిలో ఉన్నాడు, నా పదవీకాలం పొడిగింపు ఫైలు వాళ్ల ముందుంది. అది ఒక కారణం. పొడిగింపు వచ్చింది కూడా. కానీ దాని వాటా మూడో వంతు. మిగతా రెండు వంతులూ ఆ రెండు చీటీలు. చాయ్ బండి దగ్గర నవ్వులు, కమిటీ గదిలో నవ్వు. భయపడి తప్పు చేసినవాణ్ణి జనం కొంత అర్థం చేసుకుంటారు. నాది భయం కూడా కాదు.

రాజలింగం ఆ కార్ఖానాలో ఉండలేకపోయాడు. ఇంకే కార్ఖానా ఆయన్ని మాస్టర్‌గా పెట్టుకోలేదు.

నీలం ఫైలు మళ్లీ

వీడ్కోలు సభ తరవాత డైరెక్టరు మీద వ్యాసం మొదలుపెట్టానని చెప్పాను కదా. మూడో పేజీకి ఆధారాల కోసం నీలం ఫైలు విప్పాను. అందులో రజిత చిత్తుప్రతి దొరికింది. ఎర్రగీత కింద పేరు చక్కగా కనిపిస్తోంది. ఆడెపు రాజలింగం. పక్కన పెన్సిలు రాత. లోకంలో ఆ పరికరం ఆయనదని చెప్పే పాత కాగితం అదొక్కటే. నా మీద జరిగిన అన్యాయాల మధ్య భద్రంగా ఉంది. దాని కిందనే, మొదటి కాగితం, నా గైడు అచ్చువేయించుకున్న వ్యాసం. రెండూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు జామకాయ గుర్తొచ్చింది.

వెంటనే వెళ్లానని అనుకోకండి. ముందు కాగితాల దారి పట్టాను. లైబ్రరీలోని థీసిస్‌లో సవరణ చీటీ అంటించమని దరఖాస్తు పెట్టాను. ఒకసారి ఆమోదించిన థీసిస్‌లో మార్పులకు నియమం ఒప్పుకోదని జవాబొచ్చింది. మళ్లీ రాశాను. మళ్లీ అదే. మూడోసారి జవాబే లేదు. జిగర్‌కు ఫోన్ చేశాను. "అప్పుడే అడిగాను కదా సర్" అన్నాడు. గోడ మీద తన ఫొటో తీయిస్తానన్నాడు. తీయించాడో లేదో తెలియదు. మనిషి ముఖం చూడకుండా చేయగలిగినవన్నీ అయిపోయాక, రజితకు ఫోన్ చేసి చిరునామా అడిగాను.

"గల్లీ అదే సర్. ఇల్లు అదే. పోయి ఏం చెప్తరు?"

నాకు తెలియదన్నాను. ఆమె పెట్టేసింది.

రాజలింగం ఇంటి అరుగు మీద మిక్సీలు, టేబుల్ ఫ్యానులు విప్పి పెట్టుకుని ఉన్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. గడపలో ఆయన భార్య రాజవ్వ ఒక చీరకు రాళ్లు అంటిస్తోంది. నన్ను ఆమే ముందు గుర్తుపట్టింది.

"అగో, కాపీ మాస్టర్ ఇంటికి సారొచ్చిండు" అంది, తల ఎత్తకుండా.

"ఊకో" అన్నాడాయన. పీట జరిపాడు. "కూసోండ్రి సారు. చాయ్ తాగుతరా?"

వద్దని, చిత్తుప్రతి తీసి ఇచ్చాను. ఆయన ఇంగ్లీషు చదవలేడు. నన్నే చదవమన్నాడు. మొదటి పేజీ తెలుగులోకి మార్చుకుంటూ చదివాను. "ఈ పరికరాన్ని తయారుచేసినవారు ఆడెపు రాజలింగం. నివాసం లింబాయత్." ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాడు. బొమ్మ ఉన్న పేజీ రాగానే చేత్తో ఆపి, దగ్గరగా పట్టుకుని చూశాడు. "స్ప్రింగు ఉల్టా గీసింది పిల్ల" అన్నాడు. నవ్వాడు.

రాజవ్వ లేచి వచ్చి కాగితం మీదికి వంగింది. "గీ ఎర్రగీత ఏంది?"

"పేరు కొట్టేసిన గీత."

"ఎవలు కొట్టేసిండ్రు?"

"నేనే అమ్మా."

ఆమె నన్ను కాక ఆయన్ని చూసింది. "రాయుమను. ఇప్పుడన్న రాయుమను. కార్ఖానా ఉన్నదో పోయిందో నాకద్దు. గల్లీల సూపెట్టనీకి నాకు గావాలె."

నేను జేబులోంచి పెన్ను, తెచ్చుకున్న తెల్లకాగితం తీశాను. మోకాలి మీద ఫైలు పెట్టుకుని రాయబోతుంటే రాజలింగం మెల్లగా అడిగాడు.

"ఎందుకు కొట్టేసిండ్రు సారు? నేను మిమ్ముల ఏమన్న అన్ననా?"

నియమం అని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పటికి చాలాసార్లు చెప్పిన మాట, తేలిగ్గానే వచ్చేది. కానీ ఎదురుగా ఆయన నిజంగానే, తన తప్పేమైనా ఉందా అని వెతుక్కుంటున్నాడు.

"కార్ఖానాలో మీరు నా చెయ్యి పట్టి లాగారు" అన్నాను. "అందరూ నవ్వారు."

ఆయన నుదురు ముడిపడింది. గుర్తు చేసుకోవడానికి చూశాడు. "ఎప్పుడు సారు?"

"మొదటిసారి వచ్చినప్పుడు. కళ్లజోడు పడిపోయింది."

"యాదికి లేదు సారు. మస్తుమందిని గుంజిన. కొత్తగొచ్చినోళ్లు అందరు చెయ్యి వెడ్తరు. మోతల మొత్తుకుంటె ఇనవడది గద, గుంజుడే." ఆయన ముందుకు వంగి, పెన్ను పట్టుకున్న నా కుడిచేతిని చూశాడు. మిక్సీ మోటారు చూసినట్టే, ఎక్కడైనా దెబ్బ తగిలిందేమోనని చూశాడు.

"వేళ్లన్ని మంచిగనే ఉన్నయి గద?"

"ఉన్నాయి" అన్నాను.

"మరి రాయుండ్రి."